రెండంకెల సంవత్సరం: ఇంటి కంప్యూటర్ గడియారం నుంచి అమీర్‌పేట దాకా

భాగం – 5

5.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

• పాత ఇంటి కంప్యూటర్ల గడియారాలు సంవత్సరాన్ని రెండంకెల్లో ఎలా దాచుకున్నాయో వివరించగలుగుతారు.
• గడియారంలోని చిక్కుకూ, ప్రోగ్రాముల్లోని చిక్కుకూ గల తేడా చెప్పగలుగుతారు.
• 1990ల చివరలో అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతంలో కంప్యూటర్ శిక్షణ పెరగడానికి ఈ చిక్కుతో ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• "2000 జనవరి 1న ఏమీ జరగలేదు కదా" అనే వాదనను చరిత్ర విద్యార్థిగా పరీక్షించగలుగుతారు.

5.1 విషయ పరిచయం

హైదరాబాద్ మెట్రోలో ఖైరతాబాద్ నుంచి మియాపూర్ వైపు వెళ్తే పంజాగుట్ట తరవాత వచ్చే స్టేషన్ అమీర్‌పేట. అక్కడ దిగి మైత్రీవనం వైపు నడిస్తే కంటికి ఆనేవి శిక్షణ సంస్థల బోర్డులు. పైథాన్, డేటా సైన్స్, క్లౌడ్ అంటూ ఈనాటి కోర్సుల పేర్లు వాటి మీద కనిపిస్తాయి. దాదాపు పాతికేళ్ల కిందట ఆ బోర్డుల మీద కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్, వై2కె అనే మాటలు ఉండేవి. వై2కె అంటే "2000 సంవత్సరం" అనే ఆంగ్ల మాటలకు పొట్టి రూపం. కంప్యూటర్లు సంవత్సరంలోని చివరి రెండంకెలనే గుర్తుపెట్టుకోవడం వల్ల 1999 తరవాత వచ్చే "00"ను 1900గా పొరబడతాయన్నది ఆనాటి భయం.

ఈ కథను సాధారణంగా ఒకే చిక్కుగా చెబుతారు. నిజానికి ఆ పేరు కింద రెండు చిక్కులున్నాయి. ఒకటి ఇంట్లో, ఆఫీసు బల్ల మీద ఉండే చిన్న కంప్యూటర్ గడియారానిది. రెండోది బ్యాంకులు, బీమా కంపెనీలు, ప్రభుత్వాలు నడిపే పెద్ద కంప్యూటర్లలోని ప్రోగ్రాములది. మొదటిదాన్ని చాలాసార్లు నిమిషంలో సరిచేయవచ్చు. రెండోదానికి లక్షల మంది చేతులు కావలసి వచ్చాయి. ఆ చేతుల్లో కొన్ని అమీర్‌పేటలో తయారయ్యాయి. ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోతే ఆ కాలపు చరిత్ర మనకు అర్థం కాదు.

5.2 మన లెక్కలోనూ ఉన్న చిక్కు

సంవత్సరాన్ని పొట్టిగా చెప్పుకోవడం కంప్యూటర్లతో మొదలవలేదు. తెలుగువారి సంవత్సరాల పేర్లు ప్రభవతో మొదలై అక్షయతో ముగుస్తాయి. మొత్తం అరవై. ఆ తరవాత మళ్లీ ప్రభవే. 1999 ఉగాదికి మొదలైనది ప్రమాది నామ సంవత్సరం. 1939 ఉగాదికి మొదలైనదీ ప్రమాదే. ఒక ఉత్తరం మీద "ప్రమాది" అని మాత్రమే ఉంటే అది ఏ ప్రమాదో ఆ కాగితాన్ని బట్టి తేలదు.

మన పెద్దలు "ధాత కరువు" అనేవారు. అది 1876లో మొదలైన మహా కరువు. 1936లోనూ, 1996లోనూ మళ్లీ ధాత సంవత్సరాలు వచ్చాయి. ఆ కరువును చూసినవారు బతికి ఉన్నంత కాలం ఆ పేరు చాలింది. తరాలు గడిచాక చరిత్రకారుడికి అది చాలదు.

శాసనాలు చెక్కించినవారికి ఈ సంగతి బాగా తెలుసు. హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గరి కాకతి రుద్రదేవుని శాసనంలో చిత్రభాను అనే సంవత్సరం పేరుతో పాటు శక వర్షం 1084 అని కూడా ఉంది. అందువల్లనే దాన్ని క్రీ.శ. 1163గా నిస్సందేహంగా లెక్కగట్టగలుగుతున్నాం. సంవత్సరం పేరు రోజువారీ వాడకానికి పనికొస్తుంది, శక వర్షం దాన్ని కాలంలో ఒకచోట నిలబెడుతుంది. కంప్యూటర్ గడియారంలో మొదటిది ఉండి రెండోది లేకపోవడమే మనం ఇక్కడ చర్చించే చిక్కు.

5.3 ఇంటి కంప్యూటర్లో గడియారం

5.3.1 తేదీ తెలియని యంత్రాలు

మొదటి తరం ఇంటి కంప్యూటర్లకు అసలు తేదీయే తెలియదు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం "క్లాస్" అనే పథకం కింద మన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ యంత్రం స్విచ్ వేసినప్పటి నుంచి సెకనులో నూరో వంతు చొప్పున లెక్కపెట్టుకుంటూ పోయేది. అది ఏ రోజో, ఏ ఏడాదో దానికి పట్టదు. జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే మరో ఇంటి కంప్యూటర్ టీవీ తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ ఒకటి కలుపుకునేది, అంటే సెకనుకు 50. ఆ లెక్కకు మూడు బైట్ల చోటే ఉంది కనుక దాదాపు 3 రోజుల 21 గంటలకు అది నిండిపోయి మళ్లీ సున్నాకు వచ్చేది. ఇలాంటి యంత్రాలకు 2000 సంవత్సరం ఏ ఇబ్బందీ పెట్టలేదు. తేదీ తెలియనివాడికి తేదీ తప్పదు.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనూ బ్యాటరీతో నడిచే గడియారం లేదు. యంత్రాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ డాస్ తేదీ ఎంత, సమయం ఎంత అని అడిగేది. వాడేవారు టైపు చేయాలి. చేయకుండా ఎంటర్ కొడితే అది 1980 జనవరి 1 అనుకునేది. డాస్ లెక్క 1980 నుంచే మొదలవుతుంది. ఫైలు మీద వేసే తేదీలో సంవత్సరానికి అది 7 బిట్లు కేటాయించింది. ఏడు బిట్లలో 0 నుంచి 127 దాకా పడతాయి. అంటే డాస్ 2107 దాకా లెక్కపెట్టగలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మనకు త్వరలో పని పడుతుంది.

5.3.2 1984 నాటి చిప్

1984లో ఐబీఎం పీసీ ఏటీ అనే కొత్త నమూనా వచ్చింది. దానిలో మోటరోలా కంపెనీ తయారుచేసిన 146818 అనే గడియారం చిప్ పెట్టారు. కరెంటు పోయినా చిన్న బ్యాటరీ మీద అది నడుస్తూనే ఉండేది. తరవాత వచ్చిన 386, 486, పెంటియం పీసీలన్నీ అదే ఏర్పాటును పాటించాయి. 1990ల చివరలో హైదరాబాద్‌లో విడిభాగాలు కొని బిగించుకున్న "అసెంబుల్డ్" కంప్యూటర్లలోనూ ఉన్నది ఆ వంశపు గడియారమే.

ఆ చిప్‌లో 64 బైట్ల చోటు ఉంది. మొదటి 14 బైట్లు గడియారానివి. సెకన్లు, నిమిషాలు, గంటలు, వారం, తేదీ, నెల, సంవత్సరం వాటిలో ఉంటాయి. మిగిలిన 50 బైట్లు కంప్యూటర్ అమరికలు రాసి పెట్టుకోవడానికి. సంవత్సరానికి దక్కినది ఒక్క బైటు. ఒక్కో అంకెకు నాలుగు బిట్ల చొప్పున ఒక బైటులో రెండే అంకెలు పడతాయి. కాబట్టి గడియారం 00 నుంచి 99 దాకా తిరిగి మళ్లీ 00కు వస్తుంది. పాత స్కూటర్ల మీటరు 99,999 కిలోమీటర్ల తరవాత సున్నాలకు తిరిగినట్టే ఇదీ.

5.3.3 శతాబ్దం గడి

ఐబీఎం ఇంజనీర్లు శతాబ్దాన్ని మరచిపోలేదు. మిగిలిన 50 బైట్లలో ఒక గడిని శతాబ్దానికి కేటాయించి అందులో 19 అని రాసిపెట్టారు. కాని ఆ గడి గడియారంలో భాగం కాదు, మామూలు జ్ఞాపకం మాత్రమే. 99 నుంచి 00కు తిరిగేటప్పుడు చిప్ దాన్ని ముట్టుకోదు. ఎవరో వచ్చి 19ని 20గా మార్చాలి. ఆ ఎవరో బయాస్ కావచ్చు, అంటే కంప్యూటర్ లేవగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రాము. లేదా యజమాని కావచ్చు.

చిప్‌కు ఒక విషయంలో అదృష్టం కలిసివచ్చింది. లీపు సంవత్సరాన్ని అది నాలుగుతో భాగించి తేల్చుకుంటుంది. నూరుతో భాగింపబడే సంవత్సరాలు లీపు కావనీ, వాటిలో 400తో భాగింపబడేవి మాత్రం అవుతాయనీ గ్రెగోరియన్ నియమం. 1900 లీపు కాదు, 2000 లీపే. కాబట్టి నియమం సగమే తెలిసిన ఆ చిప్ 2000 ఫిబ్రవరి 29ని సరిగ్గానే చూపింది.

అన్ని కంప్యూటర్లూ ఇలా చేయలేదు. 1984లోనే వచ్చిన ఆపిల్ మాకింటోష్ అంకెల జంటలు వాడలేదు. 1904 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను లెక్కపెట్టుకుంటూ పోయింది. ఆ లెక్క 2040 దాకా సరిపోతుంది. అంటే రెండంకెల పద్ధతి తప్పనిసరి కాదు, అదొక ఎంపిక.

5.4 అర్ధరాత్రి తరవాత మూడు రకాల పీసీలు

1999 డిసెంబరు 31 శుక్రవారం. ఆ రాత్రి ఒక పీసీ ఆన్‌లో ఉందనుకోండి. డాస్ తన సొంత లెక్కలో 2000 జనవరి 1కి సాఫీగా వెళ్తుంది, ఎందుకంటే దానికి 2107 దాకా చోటుందని పైన చూశాం. చిక్కు యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు బయటపడుతుంది. అప్పుడు డాస్ తేదీ కోసం చిప్‌ను అడుగుతుంది. చిప్‌లో సంవత్సరం 00, శతాబ్దం గడిలో ఇంకా 19. రెండూ కలిపితే 1900. 1980కి ముందు కాలం డాస్‌కు లేనే లేదు. కాబట్టి చాలా పీసీలు 1980 జనవరి 4 అనే వింత తేదీని చూపాయి.

ఈ విషయంలో పీసీలను మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటి రకం: బయాస్ తానే చూసుకుని శతాబ్దం గడిలో 20 రాసుకునేవి. వీటికి ఎవరూ ఏమీ చేయనక్కరలేదు.

రెండో రకం: ఒక్కసారి చేత్తో తేదీ సరిచేస్తే చాలు అనేవి. డాస్‌లో "డేట్" ఆజ్ఞ ఇచ్చి సంవత్సరాన్ని నాలుగంకెల్లో 2000 అని టైపు చేయాలి. అప్పుడు శతాబ్దం గడి కూడా మారుతుంది. ఆ తరవాత వందేళ్ల దాకా బెంగ లేదు.

మూడో రకం: ఆన్ చేసిన ప్రతిసారీ మరచిపోయేవి. వీటికి యంత్రం లేవగానే తేదీ సరిదిద్దే చిన్న ప్రోగ్రాము పెట్టాలి, లేదా బయాస్ మార్చాలి.

మూడో రకంలో కూడా వైద్యం పెద్దది కాదని మీరు గమనించండి. "వై2కె రెడీ" అని స్టిక్కర్ అంటించిన కొత్త పీసీలు అప్పట్లో అమ్మకానికి వచ్చాయి. పాత పీసీ గల చాలామందికి మాత్రం కావలసినది కొత్త యంత్రం కాదు, తమది ఈ మూడింటిలో ఏ రకమో తెలియడం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. బీబీసీ మైక్రోకు 2000 సంవత్సరంతో ఇబ్బంది ఎందుకు రాలేదు?
2. శతాబ్దం గడి ఉన్నప్పటికీ పీసీ 1900 అని ఎందుకు చదివింది?
3. యంత్రం ఆన్‌లో ఉన్నంతసేపూ తప్పు ఎందుకు బయటపడలేదు?

5.5 పెద్ద కంప్యూటర్లలోని చిక్కు

ఇప్పుడు రెండో చిక్కుకు వద్దాం. ఇక్కడ సమస్య గడియారానిది కాదు, రాసిపెట్టిన లెక్కలది.

ఐబీఎం 1928లో 80 నిలువు గడుల పంచ్ కార్డును ప్రవేశపెట్టింది. ఒక మనిషి పేరు, ఖాతా నెంబరు, పుట్టిన తేదీ, జీతం అన్నీ ఆ 80 అక్షరాల్లో ఇమడాలి. ప్రతి తేదీలోనూ "19" అని రాయడం దండగ అనిపించింది. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ భాష వ్యాపార లెక్కలకు పనికివచ్చింది. ఆ భాషలో కంప్యూటర్‌ను ఇవాళ్టి తేదీ అడిగితే ఆరంకెలు వచ్చేవి: సంవత్సరానికి రెండు, నెలకు రెండు, రోజుకు రెండు. కార్డులు పోయి టేపులు, డిస్కులు వచ్చినా ఆ అలవాటు పోలేదు. జ్ఞాపకశక్తి ఖరీదైన రోజుల్లో రెండక్షరాలు మిగలడం నిజమైన పొదుపు.

దీని ఫలితం ఒక ఉదాహరణతో చూడండి. ఒక బీమా ఖాతాదారు 1938లో పుట్టాడు. 1999లో అతని వయసు లెక్క: 99 – 38 = 61. సరిగ్గానే ఉంది. 2000లో: 00 – 38 = –38. ఆ గడిలో రుణ గుర్తుకు చోటు లేకపోతే గుర్తు రాలిపోయి 38 మిగులుతుంది. అరవై రెండేళ్ల మనిషి ముప్పై ఎనిమిదేళ్లవాడైపోతాడు, అతని పింఛను ఆగిపోతుంది. ప్రోగ్రాము ఆగలేదు, తప్పు జరిగిందని చెప్పనూ లేదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఇలాంటి చిన్న తీసివేతలు కోట్లాది వాక్యాల ప్రోగ్రాముల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. రాసినవారిలో చాలామంది ఉద్యోగాలు మారారు, రిటైరయ్యారు. తేదీ ఉన్న గడికి ఒకరు "డేట్" అని పేరు పెడితే మరొకరు తమకు తోచిన పొట్టి పేరు పెట్టారు. కాబట్టి ఒక మనిషి కూర్చుని వాక్యం వాక్యం చదవాలి. ఇంటి పీసీ చిక్కుకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

5.6 అమీర్‌పేట, పంజాగుట్ట

ఆ చదివే మనుషులు కావలసినంతమంది అమెరికాలో, ఐరోపాలో దొరకలేదు. అక్కడి యువతకు కోబాల్ పాతబడిన భాష. ఇక్కడ భారతదేశానికి, అందులోనూ హైదరాబాద్‌కు అవకాశం వచ్చింది. అనేక కారణాలు ఒకేచోట కలిశాయి.

మొదటిది, 1991 నాటి ఆర్థిక సంస్కరణలతో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పథకం. ఉపగ్రహ సంబంధాల ద్వారా ఇక్కడి నుంచే విదేశీ కంప్యూటర్ల మీద పని చేయడానికి అది వీలు కల్పించింది. అమెరికాలో రాత్రి మనకు పగలు. వాళ్లు ఇంటికి వెళ్లాక మనవాళ్లు పనికి కూర్చోవచ్చు.

రెండోది, హైదరాబాద్‌లో అప్పటికే ఉన్న పునాది. ఈసీఐఎల్ సంస్థ 1967లో ఇక్కడే ఏర్పడి టీడీసీ వరస కంప్యూటర్లు తయారుచేసింది. 1987లో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ మొదలైంది. 1998 నవంబరులో మాదాపూర్‌లో హైటెక్ సిటీ సైబర్ టవర్స్ ప్రారంభమైంది. దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వై2కె మరమ్మతు పని విదేశీ ఖాతాదారుల గుమ్మం తొక్కే అవకాశమైంది.

మూడోది, వీసాలు. ఏడాదికి 65,000గా ఉన్న అమెరికా హెచ్-1బి వీసాల పరిమితిని 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకు 1,15,000కు పెంచారు. హైదరాబాద్‌లో అప్పటికి అమెరికా కాన్సులేట్ లేదు. అది 2008లో వచ్చింది. అంతవరకు మనవాళ్లు ఇంటర్వ్యూకు చెన్నై రైలెక్కవలసిందే.

నాలుగోది ఈ భాగంలో ముఖ్యమైనది. కళాశాలలో చదివిన చదువుకూ, అమెరికా బ్యాంకు అడిగే నేర్పుకూ మధ్య ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీని పూరించింది అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్‌లోని నీలగిరి, అన్నపూర్ణ బ్లాకులు, ఇటు పంజాగుట్ట వైపు, అటు ఎస్.ఆర్. నగర్ వైపు రోడ్ల మీది అంతస్తులు శిక్షణ గదులతో నిండాయి. కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 అన్నీ కలిపి "మెయిన్‌ఫ్రేమ్స్" కోర్సు. మొదటి క్లాసు డెమో, దానికి ఫీజు లేదు. నచ్చితే చేరవచ్చు. నోట్సు జిరాక్స్ షాపులో దొరుకుతుంది. చుట్టుపక్కల వీధుల్లో హాస్టళ్లు, మెస్సులు. ఊళ్ల నుంచి బస్సు దిగిన కుర్రవాడికీ, అమ్మాయికీ కావలసినవన్నీ నడకదూరంలో ఉన్నాయి.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 1978లో ఐబీఎం మన దేశం నుంచి వెళ్లిపోయింది. మెయిన్‌ఫ్రేమ్‌లు దేశంలో అరుదు. అమీర్‌పేటలో ఆ కోర్సు చదివినవారిలో చాలామంది ఆ పెద్ద యంత్రాన్ని కంటితో చూడలేదు. పీసీ మీద నడిచే కోబాల్ కంపైలర్‌తో, పుస్తకంతో, బోర్డు మీది పాఠంతో నేర్చుకున్నారు. ఆ పీసీ గడియారం కూడా రెండంకెలదే. నిమిషంలో సరిచేయగల చిక్కున్న యంత్రం ముందు కూర్చుని, ఏళ్ల తరబడి సరిచేయవలసిన చిక్కుకు తయారయ్యారు.

ఈ కాలాన్ని దగ్గరగా పరిశీలించినవారిలో షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త ఒకరు. ఆయన 2000, 2001 ప్రాంతంలో హైదరాబాద్‌లోనూ, ఆస్ట్రేలియాలోనూ ఉండి తెలుగు ఐటీ కార్మికులను కలిసి మాట్లాడారు. ఆ పరిశోధన 2007లో పుస్తకంగా వచ్చింది. మనుషులను కంపెనీలకు కొంతకాలానికి అద్దెకిచ్చే "బాడీ షాపింగ్" వ్యవస్థ ఎలా పనిచేసిందో అందులో వివరించారు. పని లేనప్పుడు ఆ మనిషిని "బెంచి" మీద కూర్చోబెట్టేవారు. జీతం అరకొర, ఒక్కోసారి అదీ ఉండదు. చదువుకూ, శిక్షణకూ, ప్రయాణానికీ పెట్టిన డబ్బు కుటుంబానిది. పొలం మీద వచ్చిన మిగులు, అప్పు, కట్నం అన్నీ ఆ లెక్కలో కలిశాయి. కోస్తా గ్రామాల వ్యవసాయ ఆదాయం ఈ ప్రవాసానికి పెట్టుబడిగా మారిన తీరును ఆయన చూపారు.

అంటే న్యూయార్క్‌లోని ఒక ప్రోగ్రాములో రెండు అంకెలు తక్కువైతే, దాని భారం కృష్ణా జిల్లాలోని ఒక పొలం దాకా వచ్చింది. లాభం కూడా వచ్చింది. కాని గడువు ముందే రాసిపెట్టి ఉన్న ఉద్యోగం ఇది. ఏ తేదీ కోసం వారిని పిలిచారో ఆ తేదీతోనే వారి అవసరం తీరిపోతుంది.

5.7 మరమ్మతు పద్ధతులు

ఈ యువత చేసిన పని ఏమిటి? ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది విస్తరణ. తేదీ ఉన్న ప్రతి గడినీ రెండంకెల నుంచి నాలుగంకెలకు పెంచడం. ఇది శాశ్వత వైద్యం. కాని ఒక గడి పెరిగితే దాని పక్క గడులన్నీ జరుగుతాయి. పాత ఫైళ్లన్నీ మార్చాలి, వాటిని చదివే ప్రతి ప్రోగ్రామునూ మార్చాలి. ఖర్చు ఎక్కువ.

రెండోది కిటికీ పద్ధతి. గడిని మార్చరు. ఒక సరిహద్దు అంకె పెట్టుకుంటారు. ఉదాహరణకు సరిహద్దు 30 అనుకుంటే, 00 నుంచి 29 దాకా ఉన్నవి 2000లవి, 30 నుంచి 99 దాకా ఉన్నవి 1900లవి. ఎక్సెల్ 97లో పెట్టినది సరిగ్గా ఈ సరిహద్దే. ఇది చౌక, త్వరగా అయిపోతుంది. కాని చిక్కును తీర్చదు, వాయిదా వేస్తుంది. సరిహద్దు దాటిన రోజున 2030ని యంత్రం 1930 అంటుంది.

ఏ పద్ధతి వాడినా చివరి మెట్టు పరీక్ష. గడియారాన్ని ముందుకు తిప్పి 1999 డిసెంబరు 31 రాత్రి 11:58కి పెట్టి ఏం జరుగుతుందో చూడాలి. తరవాత ఫిబ్రవరి 28 రాత్రికి పెట్టి చూడాలి. మార్పు కంటే పరీక్షకే ఎక్కువ కాలం పట్టేది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

4. 1945లో పుట్టిన మనిషి వయసును రెండంకెల ప్రోగ్రాము 2000లో ఎంతగా చూపుతుంది? రుణ గుర్తుకు చోటు లేదనుకోండి.
5. కిటికీ పద్ధతిని వాయిదా అని ఎందుకు అంటాం?

5.8 2000 జనవరి 1, ఆ తరవాత

విమానాలు కూలలేదు. కరెంటు పోలేదు. ఆ రోజు శనివారం కావడంతో తప్పులు దిద్దుకోవడానికి చాలా ఆఫీసులకు రెండు రోజుల వ్యవధి కూడా దొరికింది. అయితే ఏమీ జరగలేదనడం సరి కాదు. అమెరికా నౌకాదళ ఖగోళశాల వెబ్‌సైటులో సంవత్సరం 19100 అని కనిపించింది. 1900 నుంచి గడిచిన ఏళ్లు 100 అయితే, దాని ముందు ఎవరో "19" అతికించిన ఫలితం అది. నవ్వి ఊరుకోవచ్చు.

మరొకటి నవ్వి ఊరుకునేది కాదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో గర్భిణులకు డౌన్ సిండ్రోమ్ పరీక్ష ఫలితాలు లెక్కగట్టే కంప్యూటర్ 2000 జనవరి నుంచి మే దాకా తల్లుల వయసును తప్పుగా లెక్కించింది. 150 మందికి పైగా స్త్రీలకు ప్రమాదం తక్కువని తప్పుగా చెప్పింది. యంత్రం ఆగలేదు. కాగితం మీద అంకె మామూలుగానే కనిపించింది. 5.5లో చూసిన బీమా ఖాతాదారు ఉదాహరణ ఊహ కాదని ఇది చెబుతుంది.

అమీర్‌పేటకు 2000 రెండు రకాలుగా వచ్చింది. వై2కె పని అయిపోయింది. అదే ఏడాది మార్చి 10న అమెరికా నాస్‌డాక్ సూచీ శిఖరానికి చేరి ఆ తరవాత పతనమైంది. ఇంటర్నెట్ కంపెనీలు మూతపడ్డాయి. హెచ్-1బి మీద వెళ్లినవారిలో ఉద్యోగం పోయినవారు తిరిగి రావడమో, బెంచి మీద ఎదురుచూడటమో చేయవలసి వచ్చింది. ఆ వీసా యజమానికి ముడిపడి ఉన్నందున ఉద్యోగం పోతే అక్కడ ఉండే హక్కూ పోయేది.

శిక్షణ గదులు మాత్రం మూతపడలేదు. బోర్డు మీది పేర్లు మారాయి: కోబాల్ స్థానంలో జావా, డాట్‌నెట్, టెస్టింగ్. ఒక చిక్కు కోసం ఏర్పడిన పద్ధతి, అంటే డెమో క్లాసు, తక్కువ ఫీజు, కొద్ది నెలల కోర్సు, జిరాక్స్ నోట్సు, చిక్కు పోయాక కూడా నిలిచింది.

5.9 చరిత్ర విద్యార్థిగా ఎలా చూడాలి?

వై2కె గురించి రెండు వాదనలు వినిపిస్తాయి. "అదంతా అనవసర భయం, కంపెనీలు సొమ్ము చేసుకున్నాయి" అనేది ఒకటి. పెద్దగా ఖర్చుపెట్టని దేశాల్లో కూడా పెద్ద అనర్థాలు జరగలేదని ఈ వాదన చేసేవారు చూపుతారు. "మరమ్మతు చేయబట్టే ఏమీ జరగలేదు" అనేది రెండోది.

వానాకాలానికి ముందు చెరువు కట్టకు మట్టి పోసి గండ్లు పూడ్చారనుకోండి. ఆ ఏడు కట్ట తెగలేదు. "తెగని కట్టకు ఇంత ఖర్చెందుకు" అని ఒకరంటే ఏం జవాబు చెబుతారు? పోసిన మట్టి ఎక్కడ అవసరమైంది, ఎక్కడ దండగైంది అని చోటు చోటునా చూడాలి. వై2కెనూ అలాగే చూడాలి. ఇంటి పీసీ విషయంలో భయం చిక్కును మించిపోయింది. అక్కడ మొదటి వాదనకు బలం ఉంది. వయసు, వడ్డీ, గడువు లెక్కగట్టే ప్రోగ్రాముల విషయంలో చిక్కు నిజమైనది. షెఫీల్డ్ అందుకు సాక్ష్యం. అక్కడ రెండో వాదన నిలుస్తుంది. తక్కువ ఖర్చుపెట్టిన దేశాల్లో చాలావాటిలో కంప్యూటర్ల మీద ఆధారపడటం తక్కువ. పైగా పెద్ద కంపెనీలు ఇతర చోట్ల సరిచేసి పంపిన సాఫ్ట్‌వేర్ వారికీ అందింది.

విజయవంతమైన మరమ్మతుకు గుర్తులు మిగలవు. కూలిన వంతెనకు ఫొటో ఉంటుంది, కూలకుండా నిలబెట్టిన మేస్త్రీకి ఉండదు. అమీర్‌పేట నుంచి వెళ్లి రాత్రుళ్లు వాక్యం వాక్యం చదివినవారి పని ఇలాంటిదే. వారు రాసిన కొత్త ప్రోగ్రామేదీ లేదు, పాతదాంట్లో రెండంకెలు దిద్దారు. ఆ పని ఆధారాలు కంపెనీల చరిత్రలో తక్కువగా, కుటుంబాల జ్ఞాపకాల్లో ఎక్కువగా ఉన్నాయి. మీ కుటుంబంలోనో, ఊళ్లోనో ఆ కాలంలో కోబాల్ నేర్చుకున్నవారు ఉంటే వారితో మాట్లాడండి. ఫీజు రసీదు, నోట్సు, వీసా కాగితం, పంపిన ఉత్తరం – ఇవన్నీ చారిత్రక ఆధారాలే. వాటి మీద తేదీ నాలుగంకెల్లో ఉందో, రెండంకెల్లో ఉందో కూడా చూడండి.

ఈ కథ ముగిసిందనీ అనుకోకండి. యూనిక్స్ వంశపు కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. ఆ లెక్కకు 32 బిట్లే కేటాయించిన యంత్రాల్లో అది 2038 జనవరి 19న నిండిపోతుంది. కొత్త యంత్రాలు 64 బిట్లకు మారాయి. మారని పాతవాటిని వెతికి దిద్దడానికి మళ్లీ మనుషులే కావాలి.

5.10 సారాంశం

పాత ఇంటి కంప్యూటర్లలో కొన్నింటికి తేదీయే తెలియదు. 1984 తరవాతి పీసీల గడియారం చిప్ సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకుంది. శతాబ్దాన్ని వేరే గడిలో ఉంచడం వల్ల 2000లో కొన్ని యంత్రాలు తప్పు తేదీ చూపాయి. దానికి వైద్యం సులువు. పెద్ద కంప్యూటర్ల ప్రోగ్రాముల్లో రెండంకెల తేదీలు చెల్లాచెదురుగా ఉన్నందున వాటిని మనుషులు చదివి దిద్దవలసి వచ్చింది. ఆ అవసరం అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతపు శిక్షణ కేంద్రాలకు ఊపునిచ్చింది. అది వేల కుటుంబాలకు అవకాశాన్నీ, గడువున్న ఉద్యోగాల అనిశ్చితినీ తెచ్చింది. చిక్కు తీరిపోయినా శిక్షణ పద్ధతి మిగిలింది.

5.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. దానికి తేదీ లెక్క లేదు. స్విచ్ వేసినప్పటి నుంచి గడిచిన సమయాన్ని మాత్రమే లెక్కపెట్టేది.
2. శతాబ్దం గడి గడియారంలో భాగం కాదు. 99 నుంచి 00కు తిరిగినప్పుడు అది తనంతట మారదు.
3. డాస్ తన సొంత లెక్కతో నడుస్తుంది. యంత్రం మళ్లీ ఆన్ అయినప్పుడే చిప్‌ను అడుగుతుంది.
4. 45. నిజమైన వయసు 55.
5. సరిహద్దు అంకె దాటిన సంవత్సరం రాగానే అదే చిక్కు మళ్లీ వస్తుంది కనుక.

5.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. వై2కె పేరు కింద ఉన్న రెండు చిక్కులను పోల్చి వివరించండి.
2. 1990ల చివరలో అమీర్‌పేట శిక్షణ కేంద్రంగా ఎదగడానికి దోహదం చేసిన కారణాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. తెలుగు సంవత్సరాల పేర్లకూ, రెండంకెల సంవత్సరానికీ గల పోలికను సోదాహరణంగా రాయండి.
2. విస్తరణ పద్ధతి, కిటికీ పద్ధతి – వీటి లాభనష్టాలు రాయండి.